ఇప్పచెట్ల కంచె

మా ముత్తాత మాలీపటేలు. ఊరి శిస్తంతా ఆయన చేతి మీదుగా పోయేది. ఆయన గుర్రం మీద వస్తుంటే ఎదురొచ్చిన మనిషి చెప్పులు విప్పి చేత పట్టుకొని పక్కకు నిలబడేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. అది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని నాకు తెలుసు, అయినా జరిగినదాన్ని దాచడం నాకు రాదు. మా తాత టేకు కూపుల కంట్రాక్టరు. అడవిశాఖ వాళ్లు కూపును, అంటే నరకడానికి గుర్తు పెట్టిన అడవి ముక్కను, వేలం వేసేటప్పుడు ఆయన వచ్చి కూర్చుంటే మిగతావాళ్లు పాట ఆపేవారట. మా నాన్న చాలాకాలం ఊరికి సర్పంచి. ఎన్నికలు, పంచాయతీలు, వచ్చేపోయేవాళ్ల భోజనాలు, వీటి కింద చెరువు కింది మాగాణి అంతా కరిగిపోయింది. ఆ ముగ్గురిలో ఎవరు కనబడినా ఊరు లేచి నిలబడేది. నాకు ఎవరూ లేవరు. బస్సులో సీటు కూడా ఇవ్వరు, నేనూ అడగను. కడ్డీ పట్టుకొని నిటారుగా నిలబడే తల్లాడకూ ఊరికీ తిరుగుతాను.

అన్నీ పోగా రెండు మిగిలాయి. ఒకటి మా తాత కట్టిన ఇల్లు. రెండోది ఊరికి తూర్పున ఉన్న కంచె. కంచె అంటే మా వైపు దడి కాదు, దున్నకుండా వదిలేసిన చెట్ల నేల. మా ఇంట్లో కంచె అనేవాళ్లం, ఊళ్లోవాళ్లు పటేలు అడవి అనేవారు. దాని చివర వాగు, వాగు దాటితే రిజర్వు అడవి, ఇక అది తెగకుండా భద్రాచలం వైపు సాగుతుంది. ఏజెన్సీ హద్దు ఆ వాగు వెంటే పోతుంది. వాగుకు అవతల భూమిని గిరిజనులు కాని మాలాంటివాళ్లు అమ్మాలన్నా కొనాలన్నా చట్టం ఒప్పుకోదు. మా కంచె వాగుకు ఇవతల ఉంది. అంటే ఎవరైనా కొనుక్కోవచ్చు, కొన్నవాళ్లు ఏమైనా వేసుకోవచ్చు. నా నిద్ర చెడగొట్టిన సంగతి ఇదే.

ఆ చెట్లను మేమెవరమూ నాటలేదు. నల్లమద్ది, తునికి, చండ్ర, వాగు ఒడ్డున వెదురు, అన్నిటికంటే ఎక్కువగా ఇప్ప. మాఘమాసం వెళ్లేసరికి మోదుగులు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూస్తాయి. వాటి మీద గోరింకలు చేసే రచ్చ రోడ్డు దాకా వినబడుతుంది. పొద్దున్నే పోతే వాగు ఇసుకలో దుప్పుల గిట్టల గుర్తులు తడి ఆరకుండా ఉంటాయి. వానలు పడ్డాక ఆకుల కింద నేల ఎంత మెత్తగా ఉంటుందంటే, నా నడకే నాకు వినబడదు. చిన్నప్పుడు కార్తీక మాసంలో ఊరు ఊరంతా అక్కడే వండుకొని తినేది. నాకు తిండి గుర్తు లేదు. వెల్లకిలా పడుకొని కొమ్మల మధ్య నుంచి ఆకాశాన్ని చూడడం గుర్తుంది. ఇప్పటికీ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక అలా పడుకుంటాను. లేచేటప్పుడు మాత్రం మోకాలు పట్టుకుంటుంది.

మిరప కోతల కాలంలో ఒక మధ్యాహ్నం నా తమ్ముడు వచ్చాడు. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. ఇంటికి, కంచెకు నాతోపాటు వారసుడు వాడొక్కడే. తల్లాడలో ఎరువుల దుకాణం నడుపుతాడు. రెండేళ్లు వరుసగా మిరపకు తెగులు తగిలి రైతులు కూలబడితే వాళ్లతోపాటు దుకాణమూ కూలబడింది. మనిషి చిక్కిపోయాడు. అరుగు మీద కూర్చొని మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

“అన్నా, ఇగ నాతోని కాదు. మనకున్నయి రెండే. ఇల్లు నువ్వుంచుకుంటే కంచె నాకియ్యి. కంచె నువ్వుంచుకుంటే ఇల్లు నాకియ్యి. పెద్దోనివి, నువ్వే కోరుకో. నేను కాదనను.”

“ఇప్పుడేం తొందర?” అన్నాను.

“నీకు లేదు. నాకున్నది.”

“ఇల్లు పంచుకునేది కాదు. తాత కట్టిన ఇల్లు.”

“అయితే కంచె ఇయ్యి. పామాయిల్ పెట్టేటాయన ఒకాయన అడుగుతుండు. ఏలూరు దిక్కాయన. మోడులు గిట్ల ఆయనే తీపిచ్చుకుంటడట, పర్మిషన్లు ఆయనే తెచ్చుకుంటడట. ఇప్పపువ్వు రాలంగ ఆయన్ని పట్కొచ్చి కంచె చూపిస్త. ఆలోపల నీ మాట చెప్పు. చెప్పకుంటే కంచె నా వాటా కిందికి వచ్చిందనుకుంట.”

వాడి మాటలో తప్పేమీ లేదు. నాకు కోపం రావడానికి అదే కారణం. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాను. మా ఇంట్లో అది సంభాషణ ముగిసిందని చెప్పే పద్ధతి. వాడికి ఆ పద్ధతి పట్టలేదు. “గట్ల దులిపితే అయిపోదన్నా” అని బండి ఎక్కి పోయాడు.

నా భార్యది మధిర పక్క. మాట మెత్తగా ఉంటుంది, భావం మెత్తగా ఉండదు. ఆ సాయంత్రం అన్నం పెడుతూ, “ఏమండీ, ఈ ఇంట్లో మనం వాడుకునేది వంటిల్లు, పడకగది. మిగతాదంతా గబ్బిలాలకు ఇచ్చాం. అవి కిరాయి కూడా ఇవ్వవు. మీరు తెల్లారితే పోయేది కంచెకి. ఇంకా ఆలోచించేదేముంది?” అంది.

“నీకు తెలియదు. ఇల్లు పోతే ఊళ్లో మనమెవరం?”

“ఇల్లు ఉండగా ఎవరమైనట్టు? మొన్న కరెంటు బిల్లు తెచ్చిన పిల్లగాడు ‘ఇది ఎవరిల్లమ్మా, స్కూలా’ అని అడిగాడు.”

ఆ రోజు నుంచి నాకు రెండే పనులు. ఇంట్లో ఉన్నంతసేపు కంచె గురించి భయపడడం, కంచెలో ఉన్నంతసేపు ఇంటి గురించి భయపడడం.

పొద్దున్నే కర్ర పట్టుకొని పోయేవాణ్ణి. మొదట హద్దురాళ్లు చూసేవాణ్ణి, ఎవరైనా జరిపారేమోనని. తరవాత మానుల మీద రంగు గుర్తులు వెతికేవాణ్ణి. చెట్టు నరికే ముందు దాని మీద ఎర్ర రంగో సున్నమో పూస్తారు. ఒకసారి నల్లమద్ది మీద తెల్లటి మరక చూసి గబగబా అడుగులేశాను. దగ్గరికి పోతే పక్షి రెట్ట. నవ్వుకోవలసింది. నవ్వు రాలేదు. రుమాలు తడిపి తుడిచి వచ్చాను.

అంత భయపడడానికి కారణం కంటి ముందే ఉంది. మా కంచెకు దక్షిణాన ఇంకొకరి కంచె ఉండేది, అక్కడా ఇవే చెట్లు. అంతకు ముందటి ఏడే దాన్ని అమ్మారు. జేసీబీలు వచ్చి వేళ్లతో సహా పెళ్లగించి, కుప్పలు వేసి, నేల చదును చేసి పోయాయి. ఇప్పుడక్కడ గీత గీసినట్టు పామాయిల్ మొక్కలు, వాటి కాళ్ల దగ్గర నల్లటి పైపులు. పంట మంచిదే, వేసినవాళ్లు బాగుపడుతున్నారు, వాళ్లను నేను తప్పు పట్టను. కానీ మా హద్దు దగ్గర నిలబడితే ఎడమ చెవికి పిట్టల కూతలు వినబడతాయి, కుడి చెవికి నీళ్ల మోటారు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ఎవరైనా వచ్చి నిలబడి చూసుకోవచ్చు.

పువ్వు రాలే కాలం దగ్గరపడేకొద్దీ ఇంకో భయం తోడైంది, నిప్పు. వాగు అవతల కోయగూడెం ఉంది. మా కంచెలోని ఒక్కొక్క ఇప్పచెట్టూ గూడెంలో ఒక్కొక్క ఇంటిది. నేల మాది, చెట్టు మాది, రాలిన పువ్వు మాత్రం ఆ ఇంటివాళ్లది. తరాలుగా అలాగే నడుస్తోంది. ఎవరి చెట్టు కింద వాళ్లే ఏరుకుంటారు, పక్కచెట్టు పువ్వు గాలికి ఇటు దొర్లి వచ్చినా ముట్టుకోరు. ఏరే ముందు చెట్టు కింద ఎండుటాకులను ఊడ్చి, గుండ్రంగా జాగా చేసి, ఆకులను అక్కడే కాల్చేస్తారు. నేల నల్లగా, శుభ్రంగా ఉంటే తెల్లవారుజామున రాలిన పాలరంగు పువ్వు ఇట్టే కనబడుతుంది. పచ్చి కొమ్మలు పట్టుకొని మంట చుట్టూ నిలబడి, నిప్పు గీత దాటకుండా కొడతారు. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఆ పొగ వాసన తగలగానే నేను కర్ర పట్టుకొని లేస్తాను. ఎండకు పెళపెళలాడే ఆకు, పైన గాలి. ఒక్క రవ్వ చాలు.

ఆ ఏడు ఒక్కొక్క మంట దగ్గరా కాపలా నిలబడ్డాను. గూడెంలో పెద్దామె ఒకామె ఉంది, వాగు పక్కనున్న పెద్ద ఇప్ప ఆమెది. ఆమె వయసులో నాకంటే పెద్దది. నన్ను చూసి కొమ్మతో కొట్టడం ఆపింది.

“పటేలా, నువ్వు గట్ల బిగుసుకొని నిలవడితే ఎండిపోయిన మోడనుకొని మా పిల్లలు నీకు గూడ అగ్గి పెడ్తరు. జర కూసో.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేను కూర్చోలేదు.

“అగ్గి దాటితే ఏంది గతి? అసలే ఈ ఏడు గాలి ఎక్కువున్నది,” అన్నాను.

“దాటితే మా పువ్వు కాలదా? మాకు లేదా బాధ?”

“మీ పువ్వంటున్నవు. మా తాత ఇచ్చిన మాట మీద మీరు ఏరుకుంటున్నరు. గది యాదికుంచుకో.”

ఆమె కొమ్మను నేలకు ఆనించి నన్ను పైనుంచి కిందికి చూసింది. “మీ తాత ఇచ్చుడేంది పటేలా? మీ తాత పుట్టకముందే మా అవ్వ ఈ చెట్టు కిందనే పువ్వు ఏరింది. మీ తాత వద్దనలేదు, గంతే. వద్దననోనికి ఇచ్చినోడని పేరు వెట్టుకున్నరు మీరు.”

మళ్లీ నవ్వులు. మా నాన్న ముందు ఎవరూ అలా అనేవాళ్లు కారు. ఆ మాటకు జవాబు ఉండి తీరాలని ఇంటి దాకా వెతుక్కుంటూ వచ్చాను. పెద్దామె అన్నది నా భార్యకు చెబితే, “రేపు పోయినప్పుడు ఆమెకు కాస్త బెల్లం పట్టుకెళ్లండి” అంది.

పువ్వు రాలడం మొదలైంది. ఆ రోజుల్లో కంచెలోకి అడుగు పెట్టకముందే వాసన ఎదురొస్తుంది, తియ్యగా, చిక్కగా, కొంచెం పులిసినట్టు. ఆకు రాలిపోయిన కొమ్మల నుంచి పువ్వులు ఒకటొకటిగా టప్పుమని పడుతుంటాయి. కండగల పువ్వు, వేళ్ల మధ్య పట్టుకుంటే చల్లగా ఉంటుంది. నల్లటి గుండ్రాల మీద అవి పరుచుకొని ఉండగా తొలి ఎండ వాటి మీద పడే కాసేపు, ఈ భూమి ఎవరిదన్న ఆలోచన నాక్కూడా పోతుంది. తరవాత మళ్లీ వస్తుంది. ఈ రోజే వస్తాడేమో, ఈ రోజే తీసుకొస్తాడేమో అని రోడ్డు వైపు చెవి పెట్టి ఉండేవాణ్ణి. ప్రతి కారు చప్పుడుకూ నడుము ఇంకాస్త బిగుసుకునేది. ఇంటి మాట మాత్రం నా నోట రాలేదు.

చివరికి ఒక పొద్దున కారు వచ్చింది. నా తమ్ముడు, వాడి వెంట ఒక పెద్దమనిషి. తెల్ల బట్టలు, కాళ్లకు కొత్త బూట్లు, చేతిలో ఫోను. మంచి మనిషిలాగే ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టి, “మీ గురించి తమ్ముడుగారు చెప్పారండీ. మీది పెద్ద కుటుంబం అంట కదా” అన్నాడు. ఆ మాటకు నా మెడ దానంతటదే నిలబడింది. కంచె అమ్మకానికి వచ్చిన పొద్దున కూడా!

నాలుగడుగులు వేశాడో లేదో, చెట్ల కింది నల్లటి గుండ్రాలు చూసి ఆగిపోయాడు.

“ఇదేంటండీ, కాల్చినట్టుందే? ఇక్కడ కూడా పోడు మొదలెట్టేశారా?”

పోడంటే అడవి నరికి, కాల్చి, సాగు చేయడం. చర్ల వైపు, అడవి లోపలి ఊళ్లలో అది బతుకుతెరువు. పోడు తగాదా ఉన్న నేల పక్కకు కొనేవాడెవడూ రాడు. తమ్ముడు గాభరాపడ్డాడు.

“పోడు కాదు సార్, పువ్వు ఏరుకుంటానికి. ఆకులు కాలవెట్టిండ్రు, గంతే.”

పెద్దమనిషికి నమ్మకం కుదరలేదు. దగ్గరలోని చెట్టు కింద బుట్ట పెట్టుకొని ఏరుతున్న పడుచును అడిగాడు. “ఏమ్మా, ఈ జాగా ఎవరిది?”

“మాది,” అంది ఆమె తల ఎత్తకుండా.

“మరి ఆ చెట్టు?”

“అది మా చిన్నత్తది.”

“ఆ పక్కది?”

“అది మా పెదమామ వాళ్లది. ఈ యేడు పెదమామ కాలు ఇరిగింది, ఆయన బిడ్డ ఏరుతున్నది.”

పెద్దమనిషి కంచె చుట్టూ చూశాడు. ప్రతి చెట్టు కిందా ఒక మనిషి, ఒక బుట్ట. వాగు పక్కన పెద్దామె నడుము మీద చేతులు వేసుకొని మమ్మల్నే చూస్తోంది. “ఓ పటేలా, సుట్టాలొచ్చిండ్రా? పువ్వు తొక్కొద్దను, బూట్లతోని,” అని అక్కడి నుంచే కేకేసింది. ఆయన గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

“చెట్టుకో ఆసామి ఉన్నాడు కదండీ ఇక్కడ! భూమి మీదంటారేంటి మీరు?”

తమ్ముడు నా వైపు తిరిగాడు. “అన్నా, నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతడు. పువ్వు ఒక్కటే వాళ్లది, భూమి మనదేనని చెప్పు.”

మా ఇంటి నుంచి అబద్ధపు సాక్ష్యం ఎన్నడూ పోలేదు. ఆ ఒక్కటీ నేను చెడగొట్టదలుచుకోలేదు. అయినా తమ్ముడు అడిగినంతే చెప్పి ఊరుకోవడానికి కూడా నోరు రాలేదు.

“భూమి మాదే,” అన్నాను. “కాగితాలల్ల ఏ లొసుగూ లేదు. పువ్వు వాళ్లది. మా తాత పుట్టకముందు నుంచి వాళ్లది. ఆయన వద్దనలేదు, మా నాయిన వద్దనలేదు, నేననను. ఈ భూమి ఎవరు తీసుకున్నా ఆ పద్ధతి భూమితోపాటే వస్తది. మీరు చెట్లు తీపిస్తే ఇంతమంది వచ్చి మిమ్ముల అడుగుతరు. అప్పుడు నేనూ వచ్చి వాళ్ల దిక్కే నిలవడుత.”

పెద్దమనిషి ఫోను జేబులో పెట్టుకున్నాడు. తరవాత చాలా మర్యాదగానే, “నేను తోట వేసుకుందామని వచ్చానండీ. ఊరితో పడడానికి కాదు,” అని తమ్ముడి భుజం తట్టి, పువ్వులు తొక్కకుండా అంగలు వేసుకుంటూ కారు దగ్గరికి పోయాడు.

తమ్ముడు అక్కడే నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వాడి కళ్ల కింద నలుపు అప్పుడే చూశాను.

“మంచిగ చేసినవన్నా. ఇల్లు ఇయ్యవు. కంచె అమ్మనియ్యవు. నేను దుకాణం షట్టర్ ఎత్తితే అప్పులోళ్ల ముఖం ఎట్ల చూడాలె?” అన్నాడు. “ఈయన పోతే ఇంకొకడు వస్తడు. ఈ పువ్వు ఎన్నాళ్లుంటది? అయిపోయినంక చెట్ల కింద ఎవ్వరుండరు. అప్పుడు పట్కొస్త.”

వాడన్నది నిజం. పువ్వు ఉన్నన్నాళ్లే ఆ చెట్లకు మనిషి కాపలా. తరవాత ఎండలు, ఆ తరవాత వానలు. ఉత్త చెట్లు, వాటి కింద నేనొక్కణ్ణి, చేతిలో కర్ర. వాడు కారు వైపు నడుస్తుంటే, ఇంకో పది అడుగులు పోతే నాకు మళ్లీ ధైర్యం రాదనిపించింది.

“అరేయ్, ఆగు. ఇల్లు తీస్కో.”

వాడు వెనక్కి తిరిగాడు. “ఏందీ?”

“ఇల్లు తీస్కో. కంచె నాది. రేపే కాగితం రాసుకుందాం.”

“సోయిల ఉండే అంటున్నవా? వదినెకు చెప్పినవా?”

“సోయిలనే అంటున్న. మీ వదినెనే నాకు చెప్పింది, నేనే ఇనలే.”

పెద్దామె బుట్ట నెత్తిన పెట్టుకొని మా పక్కగా పోతూ ఆగింది. “ఏందట పంచాయితీ?” అంది. ఏమీ లేదన్నాను. “ఏం లేకుంటే కండ్లల్ల నీళ్లెందుకు పటేలా?” అని, జవాబు కోసం ఆగకుండా వాగులోకి దిగిపోయింది. పొగ కండ్లల్ల పడ్డదని చెబుదామనుకున్నాను. ఆ పొద్దున ఎక్కడా పొగ లేదు.

కంచె ఇప్పుడు నా ఒక్కడి పేరు మీద ఉంది. భయం పోయిందా అంటే పోలేదు. నా తరవాత దాన్ని ఎవరు చూస్తారో తెలియదు. రోడ్డు వెడల్పు చేస్తారని ఒకరు, వాగు మీద వంతెన వస్తుందని ఒకరు, వచ్చినప్పుడల్లా ఒక కబురు మోసుకొస్తారు. వాన వెనకబడిన ఏడు నిప్పు గురించి మళ్లీ దిగులు. మేము తల్లాడలో రెండు గదులు కిరాయికి తీసుకొని ఉంటున్నాం. పొద్దున్నే మొదటి బస్సుకు కంచెకు పోయి, ఎండ ముదిరే వేళకు తిరిగి వస్తాను. నా భార్య అప్పుడప్పుడు తోడు వస్తుంది. ఆమెకు మోదుగు పువ్వు ఇష్టం, నాకు ఇప్ప. దారంతా దాని మీద వాదించుకుంటాం.

ఆ ఎండాకాలమే తమ్ముడు ఇల్లు విప్పించాడు. టేకు దూలాలు, స్తంభాలు, వీధి తలుపులు మధిర నుంచి వచ్చిన పాత కలప వ్యాపారి లారీలో తీసుకుపోయాడు. పెంకులు, కడప బండలు ఊళ్లోవాళ్లే తలా కొన్ని కొనుక్కున్నారు. ఇంటి స్థలం రోడ్డు పక్కది కాబట్టి కొట్లు కట్టుకోవడానికి రెండు ముక్కలుగా అమ్ముడుపోయింది.